గుండిగ బోర్లించిన రోజు

తోల్దారి సంతలో చివరి సందు మలుపు దగ్గర సిమెంటు గట్టు మీద రెండు పాదాల గుంటలున్నాయని చెప్పుకుంటారు. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఎండాకాలం ఒకే మనిషి ఒకే చోట నిలబడితే సిమెంటు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? ఆ పాదాలు సోక్ చున్మేవి. మనిషికి అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళకి తొంభై.

ఎండలు ముదిరాక మూడు బోక్ రోజులొస్తాయి. తొలి బోక్, నడి బోక్, కడ బోక్. ఆ రోజుల్లో పొగలు కక్కే మాంసం పులుసు తాగి, తడిసిన చొక్కా పిండుకుంటేనే ఒంట్లోకి సత్తువ దిగుతుందని ఊరి నమ్మకం. ఇప్పటి పిల్లలు కోడి పొట్టలో బియ్యం, జిన్సెంగ్ వేరు కూరి ఉడికించిన పులుసుతో సరిపెట్టుకుంటున్నారు గానీ, తల నెరిసినవాళ్ళకి కుక్క పులుసే పులుసు. అది తోల్దారిలో ఇంకా దొరికేది ఒక్క కొట్లోనే. చున్మే నిలబడే గుమ్మం దానిదే. కొట్టు యజమానురాలు ప్యో గప్సున్, డెబ్బై రెండేళ్ళది, చున్మే మొగుడికి సొంత అక్క. కుక్కల సంగతి అటుంచి, ఆడపడుచు గుమ్మం ముందు పద్నాలుగేళ్ళు అట్ట పట్టుకుని నిలబడ్డ మరదలు కొరియా దేశం మొత్తంలో ఇంకొకతి లేదు.

ఈ కడ బోక్ మిగతా వాటిలాంటిది కాదు. కుక్క మాంసం వ్యాపారం ఆపెయ్యాలని చట్టం వచ్చి ఏడాదిన్నరయింది. గడువింకా ఉంది, ఇంకో చలికాలం దాటితేగానీ ఎవరినీ జైల్లో వెయ్యరు. కానీ గప్సున్‌కి మోకాలి ఆపరేషనయింది. ఇక ఓపిక లేదు, ఈ కడ బోక్‌తో కొట్టు మూసేస్తానని సర్కారు ఆఫీసులో కాగితం ఇచ్చేసింది. అంతవరకూ పండగే. చిక్కంతా పెరట్లో ఉంది. కొట్టు వెనక కటకటాల్లో తొమ్మిది పసుప్పచ్చ కుక్కలు మిగిలాయి. మధ్యాహ్నం మూడింటికి బాంగ్ అనే దళారీ బండి వేసుకొచ్చి తొమ్మిదింటినీ కోతకి తోలుకుపోతాడు. ఆలోపు వాటికెక్కడైనా చోటు చూడటం చున్మే పని. పొద్దున్న ఎనిమిదింటికి గుమ్మం ముందు నిలబడేసరికి ఆమె చేతిలో ఉన్నవి ఏడు గంటలు, ఒక సెల్‌ఫోను, ఒక అట్ట.

అట్ట మీద 'ఇదీ ఒక ప్రాణమే' అని రాసుంటుంది. రాసింది మొగుడు దోగిల్. రిటైరైన బస్సు డ్రైవరు, అక్షరాలు గుండ్రంగా రాస్తాడు. వానకి కారిపోయినప్పుడల్లా మళ్ళీ దిద్దిపెట్టేవాడు గానీ, ఒక్కనాడూ అట్ట పక్కన నిలబడలేదు. అటు అక్క, ఇటు పెళ్ళాం. రాయడం వరకే తన పని, మొయ్యడం తన వల్ల కాదని ముందే చెప్పేశాడు.

చున్మేని చూసి ఊరు నవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె ఒకప్పుడు ఆ కొట్టు వంటమనిషి. ఇరవై ఆరేళ్ళప్పుడు ప్యో వారి ఇంటికి పెద్ద కోడలిగా వచ్చి, ఇరవై నాలుగేళ్ళు ఆ గుండిగ ముందే కాపురం చేసింది. నలుగురు మగాళ్ళు ఎత్తాల్సిన ఇనప గుండిగ అది. ఆమె చేతి పులుసు కోసం మూడు జిల్లాల అవతల నుంచి రైలెక్కి వచ్చేవారట. ఒకాయన ఆస్పత్రి మంచం మీంచి లేచి, సెలైన్ సూది చేతికుండగానే వచ్చి రెండు గిన్నెలు తాగి, తిరిగెళ్ళి హాయిగా పోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే సంతలో ఆడవాళ్ళు ఆమెను చూసి, ఇరవై నాలుగేళ్ళు వండి ఇప్పుడు పద్నాలుగేళ్ళుగా ఏడుస్తోంది, ఇంకో పదేళ్ళు ఏడిస్తేగానీ బాకీ తీరదంటారు. ఆ లెక్క చున్మే కూడా వేసుకుంది.

గరిట వదిలేసిన రోజున పెద్దగా ఏమీ జరగలేదు. పెరట్లో కుక్కలకి మిగిలిన అన్నం పోస్తోంది. ఒక ముసలి కుక్క కడ్డీల్లోంచి మూతి బయటికి పెట్టి ఆమె చెయ్యి నాకింది. అప్పుడే గుండిగలోంచి వచ్చిన చెయ్యి. ఆ చేతికి ఎవరి వాసనుందో దానికి తెలీదా? తెలిసీ నాకింది. చున్మే ఆ చేతిని బూడిద పెట్టి తోమింది, సబ్బుతో కడిగింది, మర్నాడు మళ్ళీ గుండిగలో గరిట పెట్టబోతే వేళ్ళు మూసుకోలేదు. అంతే. మంత్రం వేసినట్టు ఆగిపోయింది.

గప్సున్ మొదట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తర్వాత మంత్రగత్తె దగ్గరికి. ఆ మరుసటి ఎండాకాలం మరదలు గుమ్మం ముందు అట్ట పట్టుకుని నిలబడేసరికి, రాతి ఉప్పు గుప్పెళ్ళతో తీసి ముఖాన కొట్టింది. పీడ విరగడవ్వాలంటే ఉప్పు చల్లాలి కదా. అప్పట్నుంచి అదే తంతు. పొద్దున్న ఎనిమిదింటికి ఉప్పు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే ఒక ప్లాస్టిక్ స్టూలు, చల్లటి బార్లీ నీళ్ళు. ప్యో వారి కోడలు నడి సంతలో వడదెబ్బ తిని పడిపోయిందంటే ఊరు నవ్వేది నిన్ను కాదే, మమ్మల్ని అని గొణుక్కుంటూ గప్సునే తెచ్చి పడేసేది. చున్మే ఆ నీళ్ళు తాగి, స్టూలు మీద కూచుని, అట్టను ఒళ్ళో నిలబెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని తినొద్దని బతిమాలేది.

పద్నాలుగేళ్ళలో చున్మే వెయ్యని ఎత్తు లేదు. ఒకసారి అతి తెలివికి పోయి పెద్ద దెబ్బ తింది. పల్లెల్లో కుక్కల దళారీలు చిన్న లారీకి మైకు కట్టి, 'కుక్కలు కొంటాం, మేకలు కొంటాం' అని టేపు వేసుకుంటూ తిరుగుతారు. పెరట్లో కట్టేసిన కుక్కని ఎండాకాలం ముందు ముసలమ్మలు వాళ్ళకి తోలేస్తారు. చున్మే అదే టేపు సంపాదించి, అద్దెకు లారీ తీసుకుని, దళారీ కంటే ఒక రోజు ముందు ఊళ్ళ మీద పడింది. ఇరవై మూడు కుక్కల్ని కొని కాపాడింది. మరుసటేడు వెళ్తే ప్రతి పెరట్లోనూ రెండేసి, మూడేసి కుక్కలు. లారీ ఆవిడ బేరమాడదు, మంచి ధర ఇస్తుందని పల్లెలన్నీ పోటీ పడి పెంచాయి. ఒక ముసలమ్మ అయితే, వచ్చేసారి ఎన్ని కావాలో ఇప్పుడే చెప్పు తల్లీ, ఈనిస్తానని అడిగింది. చున్మే ఆ రోడ్డు మీదే లారీ ఆపుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే వెనక టేపు తిరుగుతూనే ఉంది.

ఆ కుక్కల్లో పదకొండు ఇంకా బతికున్నాయి. ఊరి బయట అద్దెకు తీసుకున్న ఒక ప్లాస్టిక్ పాకలో. స్థలం ఆయన ఖాళీ చెయ్యమంటున్నాడు, చుట్టుపక్కల వాళ్ళు మొరుగుడుకి నిద్ర లేదంటున్నారు. ఆమె ఉండేది నాలుగో అంతస్తు ఇంట్లో. ఇంకో కుక్క కాదుకదా, ఇంకో పిల్లికి కూడా చోటు లేదు. కడ బోక్ రోజున పొద్దుట్నుంచి ఫోను చెవికి అంటుకుపోయేదాకా తిరగేసింది. కుక్కల్ని చేరదీసే చోట్లు, ఎక్కడికి చేసినా ఒకటే మాట. చట్టం వచ్చాక కుక్కలు వరదలా వచ్చిపడ్డాయమ్మా, నిండిపోయాం. అవి బొచ్చు కుక్కపిల్లలా, ముద్దుగా ఉంటాయా అని ఒకరడిగారు. ముప్పై కిలోలుంటాయని చెప్పగానే పెట్టేశారు. సర్కారు వాళ్ళ దొడ్డికి ఇస్తే తీసుకుంటారు గానీ, కొన్నాళ్ళు చూసి సూది వేసి చంపేస్తారు. చట్టం కోసం పద్నాలుగేళ్ళు అరిచారు. చట్టం వచ్చిన మర్నాడు కుక్కలెక్కడికి పోవాలో అరిచినవాళ్ళెవరూ అనుకోలేదు. చున్మే కూడా అనుకోలేదు. చట్టం పాసయిన రోజు టీవీలో చూసి రెండు రోజులు నిద్రపోయిందామె. లేచాక ఒళ్ళు అప్పటికంటే బరువుగా ఉంది.

ఇది చాలదన్నట్టు, ఆమె గొంతులో నెల రోజులుగా ఇంకో ముల్లు దిగబడి ఉంది.

ఈ ఏడు ఆరో నెల రెండుసార్లొచ్చింది. అసలు ఆరో నెల, దాని వెనకే అధిక ఆరో నెల. అధిక మాసమంటే దేవుళ్ళు, పెద్దలు అందరూ సెలవు పెట్టి పోయే నెల. శవాన్ని తలకిందులుగా నిలబెట్టినా ఆ నెలలో తప్పు అంటదని సామెత. ఎవడూ చూడడు. మామగారి తద్దినం ఆరో నెల పంతొమ్మిది. అది అసలు నెలలోనే పెట్టాలి, అధికంలో కాదు. పెద్ద కోడలిగా ఆ రోజు గుర్తుపెట్టుకోవాల్సింది చున్మే. బ్యాంకువాళ్ళ క్యాలెండరులో పెద్ద అంకెల కింద చీమ కాళ్ళలా ఉండే చాంద్రమానం అంకెలు చూసి, కళ్ళజోడు లేకుండా, ఎవరికో కుక్కల గురించి ఫోన్లో చెబుతూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. రెండో ఆరో నెల పంతొమ్మిది మీద. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి తప్పని మనిషి.

రోజు దాటిపోయిన రెండు రోజులకి సంతలో ఎండు చేపలమ్మే ఆవిడ, ఈసారి తద్దినం చేప నా దగ్గర తీసుకోలేదేం, ఇంకెక్కడైనా చవగ్గా దొరికిందా అని నిష్ఠూరమాడింది. చున్మే చేతిలో సంచీ జారింది. అదే సాయంత్రం గప్సున్ పట్నం ఆస్పత్రి నుంచి, కోసిన మోకాలు పైకి కట్టుకుని ఫోను చేసింది. నాన్నకి కడుపు నిండా పెట్టావా అని అడిగింది. పెట్టాను వదినా అంది చున్మే. పక్కనే ఉన్న దోగిల్ ఆ మాట విని టీవీ సౌండు పెంచాడు.

ముసలాయన సామాన్యుడు కాదు. ఆ కొట్టు పెట్టిందీ ఆయనే, దానికో కట్టుబాటు పెట్టిందీ ఆయనే. ఇంట్లో తద్దినం ఉంటే మూడు రోజుల ముందే గుండిగ బోర్లించాలి. కుక్క మాంసం మైల. ముట్టుకున్న చెయ్యి పెద్దల పళ్ళెం దగ్గరికి రాకూడదు. తినడమే కాదు, ఆ మూడు రోజులూ ఆ గడప దాటి ఒక్క కుక్క కూడా చావుకి పోకూడదు. ఎన్ని లక్షల బేరమొచ్చినా సరే. ఆయన పోయాక గప్సున్ కూడా ఒక్క ఏడూ దాన్ని తప్పలేదు. ఈ ఏడు మాత్రం తను ఆస్పత్రిలో ఉండటంతో కొట్టు ఎలాగూ మూసే ఉంది. గుండిగ బోర్లించిందో లేదో చూసినవాళ్ళు లేరు.

కడ బోక్ మధ్యాహ్నం రెండు దాటింది. చివరి రోజని తెలిసి పాత గిరాకీ అంతా వచ్చి పోయింది. లోపల నలుగురు ముసలాళ్ళు మాత్రం మిగిలారు. గప్సున్ కొత్త మోకాలు ఈడ్చుకుంటూ బార్లీ నీళ్ళు తెచ్చి, స్టూలు మీదున్న మరదలికిచ్చి, తను గడప మీద చతికిలబడింది.

"ఫోన్లన్నీ అయ్యాయా?"

"అయ్యాయి వదినా."

"ఎవరన్నా తీసుకుంటానన్నారా?"

"చోటు లేదంటున్నారు."

"నాకూ లేదు, నీకూ లేదు, నీ చట్టానికీ లేదు. బాంగ్‌గాడికి ఒక్కడికే ఉంది." గప్సున్ విసనకర్రతో ముందు తను విసురుకుని, తర్వాత మరదలి వైపు కూడా రెండుసార్లు విసిరింది. "ఇంటికెళ్ళి పడుకోవే. అధిక మాసం. పైనుంచి చూసేవాడు కూడా లేడు. చూసేవాడు లేనప్పుడు అలిసిపోయినా తప్పు లేదు."

చున్మేకి ఆ మాట చల్లటి నీళ్ళ కంటే తియ్యగా ఉంది. నిజమే కదా. తను లేచి వెళ్ళిపోతే ఎవరడుగుతారు? ఊరు అడగదు, ఇన్నేళ్ళూ పొమ్మనే అంది. తనతో పాటు అట్టలు పట్టినవాళ్ళు ఎప్పుడో చట్టం పుట్టినరోజు కేకు కోసుకుని ఇళ్ళకి పోయారు. తొమ్మిది కుక్కలు. పోయినవాటి పక్కన తొమ్మిదెంత? ఆమె స్టూలు ఎత్తి గోడకి ఆనించింది. అట్ట చంకలో పెట్టుకుంది. వస్తాను వదినా అని చెప్పి, సందులో నడిచింది. లోపల నుంచి ఒక ముసలాయన, ఏమ్మా, ఇవాళ షిఫ్టు ముందే అయిపోయిందా అని కేకేశాడు.

సందు మొదట్లోకి వచ్చేసరికి ఎదురుగా లారీ. 'కుక్కలు కొంటాం, మేకలు కొంటాం.' అదే టేపు, అదే ఆడగొంతు, ఆ రోజు రోడ్డు మీద ఆమె ఏడుస్తుంటే ఆగకుండా తిరిగిన గొంతు. బాంగ్ సంతలోకి వచ్చి కూడా దాన్ని ఆపలేదు. సందు ఇరుకు. చున్మే గోడకి అతుక్కుని, అట్ట గుండెలకి అదుముకుని, లారీకి దారిచ్చింది. లారీ అద్దం అట్ట మూలకి తగిలి గీరుకుంటూ పోయింది. వెనక ఖాళీ బోనులు గలగలలాడాయి.

ఆమె ఎందుకు వెనక్కి తిరిగిందో ఆమెకే తెలీదు. అడ్డుపడాలని కాదు, అడ్డుపడే ఓపిక లేదు. కాళ్ళు అటే పోయాయి, పద్నాలుగేళ్ళు అటే పోయిన కాళ్ళు.

పెరట్లో బాంగ్ మొదటి కుక్క మెడకి తీగ ఉచ్చు తగిలించాడు. అది కదలకుండా కూలబడింది. అరవలేదు, కరవలేదు, బరువంతా నేలకి వదిలేసింది. బాంగ్ లాగుతుంటే దాని గోళ్ళు సిమెంటు మీద గీసుకుంటున్న చప్పుడు. గప్సున్ మొహం పక్కకి తిప్పుకుని తలుపు దగ్గర నిలబడుంది. ఆమె ఎప్పుడూ అంతే, బండి ఎక్కించేటప్పుడు చూడదు.

చున్మే ఆమె పక్కకొచ్చి నిలబడి, అట్ట కింద పెట్టింది.

"వదినా, మామయ్యగారి తద్దినం పెట్టలేదు."

గప్సున్ తల తిప్పింది.

"అసలు నెలలో మర్చిపోయాను. క్యాలెండరు తప్పు చూశాను. నువ్వు ఆస్పత్రి నుంచి అడిగితే పెట్టానని అబద్ధం చెప్పాను. అన్నం పెట్టలేదు. గిన్నెడు నీళ్ళు కూడా పెట్టలేదు."

కొట్లో నలుగురు ముసలాళ్ళ చేతుల్లో చెంచాలు గాల్లోనే ఆగాయి. బాంగ్ టేపు మాత్రం వాగుతూనే ఉంది. గప్సున్ మొహం ముందు ఎర్రబడి, తర్వాత పిండి రంగుకి తిరిగింది. అరుస్తుందనుకున్నారంతా. ఆమె అరవలేదు. నోరు తెరిచేసరికి గొంతు చిన్నపిల్లలా వచ్చింది.

"అయితే ఆ రోజు నాన్న మీ తలుపు దాకా వచ్చి తిరిగెళ్ళిపోయాడా?"

చున్మే తల వంచుకుంది. నాలుగంతస్తులు ఎక్కొచ్చి, అంది మెల్లగా.

గప్సున్ లోపలికెళ్ళి ఉప్పు జాడీ తెచ్చింది. గుప్పెడు కాదు, రెండు చేతులా తీసి మరదలి నెత్తి మీద కుమ్మరించింది. చున్మే జుట్టులోంచి, కనుబొమల మీంచి, మెడ వెనక రవికలోకి ఉప్పు జారింది. దులుపుకోలేదు. ఆ తర్వాత గప్సున్ వేళ్ళు మడిచింది. ఇవాళ అధికంలో పదహారు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. మూడో వేలు దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ మూడే వచ్చాయి.

"బాంగ్, ఆ తీగ తియ్యి."

బాంగ్‌కి అర్థం కాలేదు. పెద్దమ్మా, ధర మాట్లాడుకున్నాం కదా, ఇంకా ఏమన్నా పెంచమంటావా అన్నాడు. పంతొమ్మిదిన మా నాన్న తద్దినం, మూడు రోజుల్లోపడింది, ఈ గడప దాటి కుక్క చావుకి పోదని చెప్పింది గప్సున్. బాంగ్ నవ్వేశాడు.

"అధిక మాసంలో తద్దినమేంటి పెద్దమ్మా? పెద్దలంతా సెలవులో ఉంటే."

"నెల రోజులు పస్తున్నవాడికి సెలవేంట్రా? బండి తిప్పు."

తిప్పుతాడా? తొంభై కిలోమీటర్లు నడుపుకొచ్చినవాడు. డీజిలన్నాడు, మాటంటే మాటన్నాడు, నాలుగో రోజు వస్తానన్నాడు, అప్పటికి ధర సగానికి పడుతుందన్నాడు. గప్సున్ వినలేదు. జాడీ అడుగున మిగిలిన ఉప్పంతా తీసి లారీ అద్దం మీద కొట్టింది. వడగళ్ళు పడ్డట్టు చప్పుడైంది. తలుపులోంచి లోపలికి కూడా పడి ఉంటుంది, ఎందుకంటే టేపు గొంతు గరగరలాడి, అక్కడితో ఆగిపోయింది. బాంగ్ ఉచ్చు తీసి, బండి వెనక్కి పెట్టుకుని, సందంతా తిట్టుకుంటూ పోయాడు. కూలబడ్డ కుక్క ఇంకా లేవలేదు. దానికి ఎవరూ చెప్పలేదు కదా.

తర్వాత గప్సున్ నలుగురు ముసలాళ్ళ ముందు నుంచీ గిన్నెలు లాక్కుంది. ఒకాయన, నా ముక్కలన్నా తిననీవే గప్సున్, ఇదే ఆఖరుది కదా అని రెండు చేతులా గిన్నె పట్టుకున్నాడు. ఆమె వేళ్ళు విడదీసి మరీ తీసుకుంది. ఆ చేతుల్తోనే వాళ్ళని లేపి, గుండిగ ఎత్తించింది. పులుసంతా కాలవలోకి పోయింది. నలుగురూ కలిసి మూలుగుతూ గుండిగని పెరట్లో బోర్లించారు. దాని నల్లటి అడుగు ఎండలో పొగలు కక్కింది. చున్మే అదంతా గుమ్మంలోంచి చూసింది. పద్నాలుగేళ్ళు ఈ ఒక్క దృశ్యం కోసమే నిలబడింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఉప్పు చెమటకి కరిగి కళ్ళలోకి పోయి మండుతోంది.

సాయంత్రానికల్లా వార్త ఊరు దాటింది. కోడలు కుక్కల కోసం మామని పస్తు పెట్టిందని సంతలో చెప్పుకున్నారు. నెల కాదు మూడేళ్ళ నుంచీ పెట్టడం లేదటని సంత చివర చెప్పుకున్నారు. బస్టాండు దగ్గరికి వెళ్ళేసరికి, ముసలాయన ఆకలికి తట్టుకోలేక కుక్క రూపంలో వచ్చి గప్సున్ కాళ్ళ మీద పడ్డాడని తేలింది. ఇంకొందరు అదంతా చున్మే ఆడిన నాటకమని, తద్దినం ఎప్పుడో పెట్టేసిందని, తొమ్మిది కుక్కల కోసం తన పరువు తనే కాలవలో పోసుకుందని అన్నారు. నాటకమైతే బాగుండునని ఆమెకీ అనిపించింది. కుక్కల కోసం చెప్పిందో, మొయ్యలేక దించేసిందో, ఆ క్షణంలో ఏదో ఆమెకి ఇప్పటికీ తేలలేదు.

పంతొమ్మిదిన గప్సున్ కొత్త మోకాలితో నాలుగంతస్తులూ ఎక్కింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వదినా మరదళ్ళు పక్కపక్కన కూచుని గుమ్మడి అట్లు, చేప అట్లు వేయించారు. బేరికాయలు సరిగ్గా పేర్చలేదని గప్సున్ రెండుసార్లు తీసి పేర్చింది. ఒక్క అన్నం గిన్నె పెట్టాల్సిన చోట రెండు పెట్టించింది. తప్పిపోయిన పూటది కూడా కలిపి. దోగిల్‌ చేత మామూలుగా పెట్టాల్సినవి కాక ఇంకా రెండు సాష్టాంగాలు పెట్టించింది, టీవీ సౌండు పెంచినందుకు. చున్మే పటం ముందు మోకాళ్ళ మీద కూచుంది. క్షమించమని నోట్లోనే అనుకుంది. ఆకలికా, ఇరవై నాలుగేళ్ళ పులుసుకా, దేనికని ఆ ఒక్క మాటలో ఎలా చెబుతుంది? ఎంత సేపటికీ లేవలేదు. చివరికి దోగిల్ చెయ్యిచ్చి లేపాడు.

బాంగ్‌కి రేపు ఫోను చేస్తావా అని అడగాలని చున్మే సాయంత్రమంతా నాలుక చివర పెట్టుకుంది. అడగలేదు. గప్సున్ చెప్పులేసుకుంటూ తనే అడిగింది, అటు తిరిగి.

"నీ ప్లాస్టిక్ పాకలో వాటికి పొద్దున్న ఎన్నింటికి పెడతావు?"

"ఐదింటికి వదినా."

"అక్కడయ్యాక ఇటు రా."

మర్నాడు చున్మే పదకొండు కుక్కలకి పెట్టి, ఆరున్నరకి కొట్టుకొచ్చింది. పెరట్లో గుండిగ మళ్ళీ నిలబెట్టుంది. కింద మంట ఉంది. చున్మే మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరుగెత్తింది. దగ్గరికెళ్ళి చూస్తే లోపల నూకలు, గుమ్మడికాయ చెక్కులు, కోళ్ళ కొట్టువాడు పారేసే తలకాయలు ఉడుకుతున్నాయి. నలుగురు మగాళ్ళు ఎత్తాల్సిన గుండిగని ఆ ముసలిది ఒక్కతే ఎలా తిప్పిందో ఎవరూ చూడలేదు. తొమ్మిది కుక్కలూ కడ్డీల్లోంచి మూతులు బయటపెట్టి చూస్తున్నాయి.

వీటిలో ఐదింటికి చలికాలం లోపు చోట్లు దొరుకుతాయి, వాటిలో రెండు పెంపకానికి విమానమెక్కి పరాయి దేశం కూడా పోతాయి. మిగతావి ఇక్కడే ముసలివవుతాయి. రోజూ ఐదింటికి లేవడం, రెండు చోట్లా పెట్టడం, వెలివేసినట్టు చూసే సంతలోంచి బస్తాలు మోసుకుపోవడం, ఇంకో పదేళ్ళకి సరిపడా పని. అదంతా ఆ పొద్దున చున్మేకి తెలీదు. తెలిసి ఉంటే ఆ స్టూలు మీదే కూలబడేది.

"పద్నాలుగేళ్ళు నా గుమ్మం బయట నిలబడ్డావు కదా, ఇక లోపలికొచ్చి చావు," అంది గప్సున్. "నాకు కాలు నొప్పి. గరిట పట్టు. అడుగంటుతోంది."

చున్మే గోడకి వేలాడుతున్న పాత ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. గరిట అదే, పిడి అరిగిన చోటు కూడా అదే. వేళ్ళు మూసుకుంటాయో లేదో అని కాసేపు చూసుకుంది. మూసుకున్నాయి. అడుగు నుంచి తిప్పడం మొదలుపెట్టింది.